జామ్ సీసా పక్కన పెట్టి పప్పులపొడి డబ్బా తీయండి

టోస్ట్ మీదికి జామ్ కన్నా పప్పులపొడి మేలు. ఆఫీసులో ఈ మాట అంటే చాలామంది సరదాకి అంటున్నాననుకుంటారు. సరదాకి అనడం లేదు. బ్రెడ్డు పెనం మీద ఎలా కాలుతుందో, వెన్న ఎక్కడ కరుగుతుందో, కారం నాలుక మీద ఏం చేస్తుందో ఏళ్ల తరబడి చూసి, తిని చెప్తున్నాను. నేను పుట్టి పెరిగింది అనంతపురంలో. కాపురం బెంగళూరులో, బసవనగుడి దగ్గర. ఈ రెండు ఊళ్ల వంటిళ్లు తెలిసినదాన్ని కాబట్టి ఇంకో మాట కూడా ధైర్యంగా అంటాను: తెలుగువాళ్ల ఇళ్లలో బ్రెడ్డుకు దక్కాల్సిన మర్యాద ఇంకా దక్కలేదు. తప్పు బ్రెడ్డుది కాదు. దాని మీద మనం రాస్తున్నదానిది.

మా తరం వాళ్లకు బ్రెడ్డంటే జ్వరం గుర్తొస్తుంది. ఒళ్లు కాలుతుంటే అన్నం మాన్పించి, వేడి పాలల్లో రెండు ముక్కలు ముంచి పెట్టేవాళ్లు. ఆస్పత్రిలో ఎవరినైనా చూడబోతే చేతిలో బ్రెడ్డు ప్యాకెట్, యాపిల్ పండ్లు, హార్లిక్స్ సీసా ఉండేవి. కేంద్ర ప్రభుత్వం 1965లో మోడ్రన్ బేకరీస్ అనే సంస్థను పెట్టింది, 2000లో దాన్ని హిందుస్థాన్ లీవర్‌కు అమ్మేసింది. ఆ మధ్యకాలంలో ప్యాకెట్ బ్రెడ్డు మామూలు కిరాణా కొట్ల దాకా వచ్చింది. బ్రెడ్డు వచ్చింది గానీ దాంతోపాటు ఏం తినాలో ఎవరూ చెప్పలేదు. ఇడ్లీకి చట్నీ ఉంది, సంగటికి వేరుశనగలతో నూరే ఊరిబిండి ఉంది, చపాతీకి కూర ఉంది. బ్రెడ్డుకు మాత్రం పాలు, కాదంటే జామ్. రోగులకు పాలతో, పిల్లలకు జామ్‌తో పెట్టి, పెద్దవాళ్లు దాన్ని ఆకలికి పనికొచ్చే తిండిగా లెక్కపెట్టడమే మానేశారు.

బెంగళూరులో అలా జరగలేదు. ఇక్కడ అయ్యంగార్ బేకరీ లేని పేట ఉండదు. హాసన్ జిల్లా వైపు నుంచి వచ్చిన అయ్యంగార్ కుటుంబాలు పెట్టినవి ఇవి. చిక్కపేటలో హెచ్.ఎస్. తిరుమలాచార్ సోదరులు 1898లో మొదలుపెట్టిన బెంగళూరు బ్రదర్స్ బేకరీని వీటన్నిటికీ పెద్దన్నగా చెప్పుకుంటారు. గుడ్డు తగలని వంట కాబట్టి ఆ రోజుల్లో బ్రెడ్డంటే ముఖం తిప్పుకునే ఇళ్లు కూడా ఇక్కడ కొనుక్కుని తిన్నాయి. నాకు వాళ్ల మీద అసలైన గౌరవం మాత్రం ఇంకోదానికి. బ్రెడ్డును దొరల తిండిగా చూసి అలాగే వదిలేయకుండా, తమ ఇంట్లో పల్యలోకి, అంటే పొడికూరలోకి, ఏం వేసుకుంటారో అదే తెచ్చి దాని మీద పెట్టారు. అదే మసాలా టోస్ట్.

సాయంత్రం అయిదు దాటాక మా వీధి చివర బేకరీ ముందు కాసేపు నిలబడితే ఆ పని మొత్తం కంటికి కనపడుతుంది. వెడల్పాటి పెనం. దాని ఒక మూలన సన్నగా తరిగిన ఉల్లిపాయ, తురిమిన క్యారెట్, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి పసుపు వేసి మగ్గబెట్టిన ముద్ద కుప్పగా ఉంటుంది. అక్కడ మంట తక్కువ, ముద్ద వెచ్చగా ఉంటే చాలు. పెనం నడిమధ్య మంట ఎక్కువ. అక్కడ బేకరీ అతను వెన్న రాసి బ్రెడ్డు ముక్కలు వరసగా పరుస్తాడు. ఒకవైపు ఎర్రబడ్డాక తిప్పుతాడు, కాలిన వైపు మీద అట్లకాడతో ముద్దను అంచుల దాకా నొక్కి రాస్తాడు. అంచుల దాకా అనేది ముఖ్యం. నడుమ మాత్రమే కుప్ప పోసే బేకరీలు కొన్ని ఉన్నాయి, అక్కడ చివరి రెండు కొరుకులు వట్టి బ్రెడ్డు నమలాల్సిందే. మా వీధి అతను అలా చేయడు. కత్తితో మూల నుంచి మూలకు కోస్తే కరకరమని చప్పుడు రావాలి. చప్పుడు రాకపోతే ఆ ముక్కను తనే పక్కకు తోసి ఇంకోటి పెనం మీద వేయడం నేను చూశాను.

ఈ టోస్ట్ గురించి నేను గమనించిన ముఖ్యమైన సంగతి, దానిలో తడి అడుగుకు దిగదు. ఉల్లిపాయ ముద్దలో ఉన్న నీళ్లు ముందే పెనం మీద ఇగిరిపోయి ఉంటాయి. బ్రెడ్డు పైభాగం కాలి గట్టిపడి ఉంటుంది. ఆ రెండిటి మధ్య వెన్న పొర. టోస్ట్ అంటే ఇంతే. తడిని ఆపగలిగితే బాగుంటుంది, ఆపలేకపోతే తడిసిన అట్టముక్క. జామ్, టమాటా సాస్, నీళ్లు కారే చట్నీ, పలచటి పచ్చడి, ఇవన్నీ ఓడిపోయేది ఇక్కడే. పొడి గెలిచేది కూడా ఇక్కడే. పొడిలో తడి లేదు కాబట్టి బ్రెడ్డును మెత్తబరచదు. పైగా తన కిందున్న వెన్నను పీల్చుకుని నిలబడుతుంది.

ముందు బ్రెడ్డు సంగతి. అప్పుడే పొయ్యిలోంచి తీసిన బ్రెడ్డు వాసన గొప్పది, కానీ టోస్ట్‌కు పనికిరాదు. లోపల తేమ ఎక్కువ. ముక్క పెనం మీద వేస్తే ముందు ఆ తేమ ఆవిరవ్వాలి, అది ఆవిరయ్యేదాకా పైపొర వేడి నూరు డిగ్రీలు దాటదు. బ్రెడ్డు ఎర్రబడటానికి దాదాపు 140 డిగ్రీలు కావాలి. పిండిలోని చక్కెరలు, అమైనో ఆమ్లాలు ఆ వేడికి కలిసి రంగూ వాసనా పుట్టిస్తాయని ఫ్రాన్స్ శాస్త్రవేత్త లూయీ కామీ మయార్ 1912లో మొదట వివరించాడు. దోశ ఎర్రబడేదీ, కాఫీ గింజ నల్లబడేదీ, వేరుశనగ వేగితే కమ్మటి వాసన వచ్చేదీ చాలావరకు ఇందువల్లే. నిన్నటి బ్రెడ్డులో పైతేమ తగ్గి ఉంటుంది కాబట్టి తొందరగా, సమానంగా ఎర్రబడుతుంది. అందుకే నేను సాయంత్రం కొని మర్నాడు పొద్దున కాలుస్తాను. కోయని బ్రెడ్డు తీసుకుని, బేకరీ మిషన్‌లో కాకుండా ఇంట్లో రంపపు పళ్ల కత్తితో బొటనవేలంత మందాన కోస్తాను. ప్యాకెట్‌లో వచ్చే పలచటి ముక్క అయితే లోపల మెత్తదనం మిగిలేలోపే మొత్తం రస్కు అయిపోతుంది.

నిన్నటి బ్రెడ్డు అన్నానని ఫ్రిజ్‌లో పెట్టకండి. ఈ ఒక్క విషయంలో మా ఇంట్లో ఇప్పటికీ గొడవ నడుస్తోంది. మా ఆయన ఏది తెచ్చినా ముందు ఫ్రిజ్‌లో పెడతారు. బ్రెడ్డు కాలేటప్పుడు పిండిలోని స్టార్చ్ నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది, చల్లారాక మెల్లగా మళ్లీ గట్టిగా పేరుకుంటుంది. బ్రెడ్డు బిరుసెక్కడం అంటే అదే. ఫ్రిజ్ చల్లదనంలో అది బయటకన్నా వేగంగా జరుగుతుంది. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం దాదాపు ఆగిపోతుంది. కాబట్టి రేపు తినేది బయట, గుడ్డలో చుట్టి. వారం తర్వాత తినేది ముక్కలుగా కోసి పైన ఫ్రీజర్‌లో. నడుమనున్న ఫ్రిజ్ అరలో బ్రెడ్డుకు చోటు లేదు. వానాకాలంలో బూజు భయం ఉన్నప్పుడు కూడా ఫ్రీజరే నయం. అక్కడి ముక్కను తిన్నగా వేడి పెనం మీద వేసేయొచ్చు, వేడి తగిలితే ఆ బిరుసుతనం చాలావరకు వదులుతుంది.

ఇక కాల్చడం. టోస్టర్ వద్దని అనను, ఆఫీసుకు పరుగెత్తే రోజుల్లో అదీ ఒక సాయమే. కానీ టోస్టర్ రెండు వైపులా ఒకేలా ఆరబెడుతుంది. పెనం అయితే ఒక వైపును బాగా కాల్చి, రెండో వైపును వెచ్చబెట్టి వదిలే స్వేచ్ఛ మన చేతుల్లో ఉంటుంది. దోశకు వాడే ఇనప పెనమే తీసుకోండి. మంట మధ్యస్తంగా. పెనానికి నెయ్యి, టోస్ట్‌కు వెన్న అన్నది నా పద్ధతి. కొట్లో దొరికే వెన్నలో కొవ్వు 80 శాతం, మిగిలినదాంట్లో ఎక్కువ నీళ్లు, కాస్త పాల పదార్థం. పెనం మీద వేస్తే ఆ పాల పదార్థం మాడి నల్లచుక్కలవుతుంది. నెయ్యిలో అది ముందే తీసేసి ఉంటుంది కాబట్టి వెన్న కన్నా ఎక్కువ వేడిని తట్టుకుంటుంది. అరచెంచా నెయ్యి పెనం మీద వేసి, ముక్కతోనే దాన్ని చుట్టూ తిప్పి రాయండి. అట్లకాడతో మెల్లగా నొక్కండి. అంచు కింద బెల్లం రంగు కనపడితే తిప్పండి. కాలిన వైపు ఇప్పుడు పైకొచ్చింది. వేడి మీదే దాని మీద వెన్న రాయండి, పూర్తిగా కరగకముందే పొడి చల్లండి. వెన్న సగం కరిగి, సగం మెరుస్తూ ఉన్నప్పుడే పొడి దానికి అంటుకుంటుంది. పూర్తిగా కరిగి ఇంకిపోయాక చల్లితే నోట్లోకి పోయే ముందే గాలికి లేచి దగ్గు తెప్పిస్తుంది. పొడి చల్లాక ముక్కను మళ్లీ తిప్పొద్దు. మిరపకారం పెనానికి తగిలితే మాడి చేదెక్కుతుంది, ఇల్లంతా ఘాటు.

పప్పులపొడి అని నేననేది రాయలసీమ పొడిని. పుట్నాలపప్పు, ఎండుమిరపకాయలు, ఎండుకొబ్బరి, జీలకర్ర, ఉప్పు, పొట్టుతోనే నాలుగు తెల్లగడ్డల రెబ్బలు. మిరపకాయలు, కొబ్బరి, జీలకర్ర విడివిడిగా దోరగా వేయించాలి. పుట్నాలు ముందే వేగి వస్తాయి కాబట్టి కాస్త వేడి తగిలితే చాలు. అన్నీ చల్లారాక మిక్సీలో తిప్పి, తెల్లగడ్డలు ఆఖర్న వేసి ఒక్క తిప్పు తిప్పి ఆపేయాలి. ఎక్కువ తిప్పితే తెల్లగడ్డ తేమ బయటికొచ్చి పొడి ఉండ కడుతుంది. టోస్ట్ కోసం చేసేటప్పుడు నేను రెండు మార్పులు చేస్తాను. ఒకటి, కాస్త బరకగా ఉంచుతాను, పంటికింద తగలడానికి. రెండోది, మిరపకాయల్లో సగం బ్యాడిగి వేస్తాను. హావేరి జిల్లా బ్యాడిగి మిరపకాయకు రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. బెంగళూరులో ఏ కొట్లోనైనా దొరుకుతుంది. మిగిలిన సగం గుంటూరు కాయే, అది లేకపోతే పొడికి ప్రాణం ఉండదు.

ఇది ఎందుకింత బాగా కుదురుతుందంటే, మిరపకాయలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్లలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. వెన్న ఆ కారాన్ని తనలోకి తీసుకుని నోరంతా పరుస్తుంది, ఒకచోట గుచ్చుకోనివ్వదు. నెయ్యి వేసుకుని పొడన్నం తిన్న ప్రతి తెలుగు నోటికీ ఇది తెలిసిన సంగతే. అన్నంలో కుదిరింది బ్రెడ్డు మీద కుదరకపోవడానికి కారణమే లేదు. అన్నీ ముందే వేగినవి కాబట్టి, కాలిన బ్రెడ్డు వాసనకూ పొడి వాసనకూ చుట్టరికం కూడా ఉంది. పుట్నాలు నూరు గ్రాముల్లో ఇంచుమించు 20 గ్రాములు ప్రోటీన్. పొద్దున తిన్న రెండు ముక్కలు పదకొండు గంటలకే అరిగిపోకుండా ఆపడంలో దానికీ వాటా ఉంది.

మా అమ్మ అనంతపురం నుంచి వచ్చినప్పుడు మొదటిసారి ఇది ముందు పెడితే పళ్లెం వైపు చూసి, "జొరమొచ్చినోళ్లకు పెట్టేది నాకు పెడ్తాండావేం పాపా?" అంది. "తిని చూడుమా, ఆమీద మాట్లాడుదువు" అన్నాను. మూల కొరికింది. ఏమీ అనలేదు. రెండో ముక్క తినేటప్పుడు, "పొడిలో ఉప్పు రవ్వంత తక్కువైంది, బ్రెడ్డుకు తియ్యదనం ఉంటాది కదా" అంది. అది నిజం. మన బేకరీ బ్రెడ్డులో చక్కెర వేస్తారు, అన్నానికి సరిపోయే ఉప్పు దానికి సరిపోదు. అప్పటి నుంచి ఆ డబ్బాలో ఉప్పు ఒక పిసరు ఎక్కువే. వెళ్లేటప్పుడు అమ్మ పొడి డబ్బా తీసుకెళ్లలేదు, అది ఆమె చేసుకోగలదు. బ్రెడ్డు తీసుకెళ్లింది.

పొడి తర్వాత నా ఓటు ఎర్రకారానికి. మా వైపు కారం దోశ తిన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. ఎర్రగడ్డలు (ఉల్లిపాయలు), నానబెట్టిన ఎండుమిరపకాయలు, తెల్లగడ్డలు, ఉప్పు కలిపి మెత్తగా నూరి, దోశ మీద పూసి, పైన పప్పులపొడి చల్లుతారు. పచ్చిగా బ్రెడ్డు మీద రాస్తే తడి దిగుతుంది. అందుకే ఆ ముద్దను నూనెలో నూనె తేలేదాకా వేయించి పెట్టుకోవాలి. నీళ్లు పోయి నూనె మిగిలిన ఎర్రకారం ఫ్రిజ్‌లో వారం నిలవ ఉంటుంది. టోస్ట్ మీద వెన్న, దాని మీద ఎర్రకారం పలచగా, పైన పొడి. వెన్న మానేసి ఎర్రకారం ఒక్కటే రాసేవాళ్లు ఉన్నారు. వాళ్లతో నేను ఒప్పుకోను. అడుగున వెన్న పొర లేకపోతే ఆ నూనె అంతా బ్రెడ్డులోకి దిగి, తింటుంటే నూనె పీల్చిన బజ్జీలా చేతికి అంటుతుంది.

ఊరిబిండి గురించి కాస్త ఎక్కువ మాట్లాడాలి. సూపర్ మార్కెట్ అరల్లో పీనట్ బటర్ సీసాలు వరసగా నిలబడి ఉంటాయి, వాటి కోసం డబ్బు పోసే వాళ్లలో మా అనంతపురం పిల్లలు కూడా ఉన్నారు. చెనక్కాయలే పంటగా బతికిన జిల్లా మాది. వేయించిన చెనక్కాయలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు వేసి రోట్లో నూరే ఊరిబిండి మా ఇళ్లలో సంగటికీ రొట్టెకూ ఎప్పటినుంచో ఉన్నదే. పీనట్ బటర్ అంటే వేయించిన వేరుశనగను దాని నూనె బయటికొచ్చేదాకా నూరడం. ఊరిబిండి దానికన్నా ఒక అడుగు ముందుంటుంది, ఎందుకంటే అందులో పులుపు, కారం, ఉప్పు ముందే ఉన్నాయి. టోస్ట్ కోసం చేసేటప్పుడు నీళ్లు అసలు పోయొద్దు. మిక్సీలో ఆగి ఆగి తిప్పితే చెనక్కాయ నూనెతోనే ముద్ద కడుతుంది. చింతపండు నానబెట్టకుండా, పొడిగా వేయించి వేయండి. దీనికి వెన్న అక్కర్లేదు, కొవ్వు లోపలే ఉంది. పైన పచ్చి ఉల్లిపాయ నాలుగు చక్రాలు పెట్టుకుంటే అది పూర్తి భోజనం.

బెంగళూరుకు ఈ రుచి కొత్తేమీ కాదు. వి.వి.పురంలో 1953 నుంచి ఉన్న వి.బి. బేకరీలో కాంగ్రెస్ బన్ తిని చూడండి. కాంగ్రెస్ అంటే ఇక్కడ కారం, మిరియాలు, కరివేపాకు పట్టించి వేయించిన వేరుశనగ బద్దలు. బన్‌ను చీల్చి, లోపల వెన్న పూసి, ఆ బద్దలు కూరి ఇస్తారు. తియ్యటి బన్, ఉప్పటి వెన్న, కరకరలాడే కారపు పల్లీ. ఒక్క కొరుకులో మూడూ తగులుతాయి. మా బసవనగుడిలో దొడ్డ బసవణ్ణ గుడి దగ్గర కార్తీకమాసం చివరి సోమవారం కడలెకాయి పరిషె, అంటే వేరుశనగల జాతర, జరుగుతుంది. వీధి పొడుగునా పల్లీల కుప్పలే. మన సీమ వైపు నుంచీ తమిళనాడు నుంచీ రైతులు బస్తాలు దించుకుంటారు. ఆ వారమంతా మా ఇంట్లో ఊరిబిండి టోస్టే టిఫిన్, కొత్త కాయ రుచి పాత కాయకు రాదు కాబట్టి.

ఇప్పుడు జామ్‌ను సమర్థించేవాళ్ల వైపు నుంచి ఆలోచిద్దాం. తీపి కావాలనిపించదా అంటారు. తప్పకుండా అనిపిస్తుంది. కానీ ఆ సీసాలో ఉన్నదేమిటి? మన ఆహార ప్రమాణాల ప్రకారం జామ్‌లో పండు 45 శాతం ఉంటే చాలు. స్ట్రాబెరీ లాంటి వాటికైతే 25 శాతమే. అన్ని పండ్లూ కలిపిన జామ్‌లో ఏ పండు రుచీ విడిగా తెలియదు, ఒకే ఎరుపు, ఒకే తీపి. దానికి బదులు మీగడ, పైన చక్కెర పలుకులు. చక్కెర కరగకముందే తినేయాలి, పంటికింద కరకరమనాలి. లేకపోతే నెయ్యి రాసిన వేడి ముక్క మీద బెల్లం తురుము, చిటికెడు యాలకుల పొడి. ఇంకా పండు కావాలంటే మగ్గిన ఏలకి అరటిపండు చిదిమి, పైన నాలుగు నువ్వులు. డబల్ కా మీఠా గుర్తు తెచ్చుకోండి. హైదరాబాదు వాళ్లు బ్రెడ్డును నెయ్యిలో నీరంతా పోయేదాకా వేయించి, ఆ తర్వాతే పాకంలో, పాలలో వేస్తారు. ముందు పొడి చేసి తర్వాత తడి పెట్టడం వాళ్లకు తెలుసు. జామ్ రాసేవాళ్లు ఆ మొదటి సగం వదిలేస్తారు.

ఇందిరానగర్, కోరమంగళ వైపు కేఫెల్లో అవకాడో టోస్ట్ తినే మా ఆఫీసు పిల్లలను నేను ఏమీ అనను. ఆ పండు ఈ ఊరికి పరాయిది కూడా కాదు. కొడగులో కాఫీ తోటల మధ్య కాస్తుంది, బెంగళూరు జ్యూస్ కొట్లలో బటర్ ఫ్రూట్ అని అడిగితే చాలా కాలం నుంచీ గ్లాసులో ఇస్తున్నారు. బాగా పండినది చిదిమి, ఉప్పు, నిమ్మరసం, పచ్చిమిర్చి వేస్తే వెన్న చేసే పనే చేస్తుంది. దాని మీద మిరియాలు దంచి వేస్తారు. మిరియాలకన్నా కరివేపాకు కారం చల్లి చూడండి. పుల్లటి సావర్‌డో బ్రెడ్డు మీద మాత్రం పొడి పెట్టొద్దని నా సలహా. ఆ పులుపు తెల్లగడ్డతో తగువు పడుతుంది. దానికి వట్టి వెన్న, కాస్త తేనె చాలు. పొడికి కావాల్సింది మన బేకరీ తెల్ల బ్రెడ్డులోని మెత్తటి తియ్యదనమే.

ఆవకాయ సంగతి అడిగేవాళ్లు ఉంటారు. ముక్క వద్దు, ఊట కూడా వద్దు. జాడీ అడుగున ఉండే ఆవపిండి గుజ్జు, వెన్నలో సమానంగా కలిపి రాయండి. గోంగూర అయితే నూనె తేలిన నిలవ పచ్చడి మాత్రమే, అదీ పలచగా. బ్రెడ్ ఆమ్లెట్ గురించి చెప్పేదేముంది, అది రైల్వే స్టేషన్ల దయవల్ల అందరికీ వచ్చు.

మైదా అనే అభ్యంతరానికి మాత్రం నెమ్మదిగా జవాబు చెప్పాలి, ఎందుకంటే అది నిజమైన అభ్యంతరం. మైదాలో పీచు తక్కువే. అయితే బ్రౌన్ బ్రెడ్డు కొంటే ఆ లోటు తీరుతుందనుకోవద్దు. రంగు క్యారమెల్‌తో కూడా వస్తుంది. ప్యాకెట్ వెనక గోధుమపిండి ఎంత శాతమో చదివి కొనండి. రాగి బ్రెడ్డు ఇక్కడ చాలాచోట్ల దొరుకుతుంది. రాగిలో గ్లూటెన్ ఉండదు కాబట్టి అది పొంగడానికి గోధుమ కలపక తప్పదు, ఎంత కలిపారో అడిగి తెలుసుకోండి. పొటాషియం బ్రోమేట్ గురించి భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. 2016లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ బ్రెడ్డు నమూనాలు పరీక్షించి సంగతి బయటపెట్టాక, అదే ఏడాది దేశమంతా దాన్ని నిషేధించారు. నా మటుకు నేను రోజూ టోస్ట్ తినమని చెప్పడం లేదు. వారంలో రెండు పొద్దులు తిన్నా, ఆ రెండు పొద్దులూ రుచిగా, కడుపు నిండేలా తినమంటున్నాను. పుట్నాలు, చెనక్కాయలు, వెన్న ఉన్న పళ్లేనికీ, వట్టి మైదా మీద చక్కెర పాకం రాసిన పళ్లేనికీ ఒకే పేరు పెట్టి తోసేయడం న్యాయం కాదు.

ఆఖరుగా, ఈ ఊరి ఆంధ్రా మెస్‌లు, హోటళ్లు నడిపేవాళ్లకు ఒక విన్నపం. రెసిడెన్సీ రోడ్డు నుంచి మారతహళ్లి పీజీల సందుల దాకా మీ బల్లల మీద పొడి గిన్నె, నెయ్యి గిన్నె ఎప్పుడూ ఉంటాయి. కన్నడిగులు, తమిళులు, ఉత్తరాది వాళ్లు కూడా ముందు ఆ రెండిటి కోసమే చెయ్యి చాపుతారు. మధ్యాహ్నం భోజనాలు మూడున్నరకు అయిపోతాయి, రాత్రివి ఏడింటికి గానీ మొదలవ్వవు. నడుమ సాయంత్రమంతా మీ పొయ్యి ఖాళీ. అదే సమయంలో ఆఫీసుల్లోంచి, కాలేజీల్లోంచి ఆకలితో బయటపడ్డవాళ్లు అయ్యంగార్ బేకరీ ముందు వరసలో నిలబడతారు. పెనం మీ దగ్గర ఉంది, పొడి ఉంది, నెయ్యి ఉంది, ఎర్రకారం నూరే చెయ్యి ఉంది. బ్రెడ్డు ఒక్కటే పక్క బేకరీ నుంచి తెప్పించుకోవాలి. ముందు రోజు సాయంత్రం తెప్పించండి, కోయకుండా ఇవ్వమనండి.